లాగినా రాని కర్ర

టూ హార్బర్స్, మిన్నెసోటా
ఏప్రిల్ 14, 1975

కొరీన్,

ఉత్తరం అందింది, ఫొటో కూడా అందింది. ఎర్ర రంగు బాగా కుదిరింది. ఇక దాన్నలాగే షెడ్డులో ఉంచి అందులో కోళ్ళని పెంచుకో.

ఎగతాళికి అనడం లేదే. ఫొటో చూడగానే గుర్తుపట్టాను. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, ఆ పొట్టి తోక, పైన కప్పు కూడా లేని ఆ ఒక్క సీటు. మీ బావ ఓరిన్ కట్టిన విమానమే మళ్ళీ కట్టావు కదూ? అదే నక్షా కదూ? రెండు శీతాకాలాలుగా "ట్రాక్టరు షెడ్డులో నేనూ డెల్మరూ ఓ విమానం కడుతున్నాం" అని రాస్తూ వచ్చావు తప్ప, ఏ విమానమో ఒక్క ముక్క రాయలేదు. రాస్తే నేను బస్సెక్కి వచ్చి ఆ రెక్కల గుడ్డంతా కత్తెరతో చీరి పోగులు పెడతానని నీకు తెలుసు.

ఓరిన్ పోయి ఈ జూన్‌కి రెండేళ్ళు. తలకిందులుగా గింగిరాలు తిరుగుతూ వచ్చి నీ కళ్ళముందే మొక్కజొన్న చేలో పడ్డాడు. మంటల్లో విమానం ఏమీ మిగల్లేదు. "భయంతో చేతులాడక పోయాడు" అని మీ విమానాల క్లబ్బు వాళ్ళు కాఫీ తాగుతూ తేల్చిపారేశారు. అన్నేళ్ళు ఆకాశంలో పల్టీలు కొట్టినవాడికి చేతులాడలేదట! నీకు ఎగరడం నేర్పినవాడి గతే అలా అయితే, నీ గతేమిటే?

నేనిక్కడ బాగానే ఉన్నాను. బడి వంటగదిలో నాతోపాటు ఇద్దరు ఆడవాళ్ళు, మంచివాళ్ళు. మొగుడి సంగతి ఎత్తితే మాట మార్చేస్తాను, వాళ్ళూ తవ్వి అడగరు. వాగుల్లోకి స్మెల్టు చేపలు ఎక్కే రోజులివి, ఊరంతా వేపుడు వాసన. ఇక్కడెవరూ నన్ను చూసి "పాపం" అనరు, అందుకే ఈ ఊరొచ్చాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఎగరక మానవు, సరే, ఎగురు. తల పైకీ కాళ్ళు కిందికీ పెట్టుకుని మనుషుల్లా ఎగురు. తలకిందులు చెయ్యనని నాకు మాటివ్వు.

నీ అక్క
ఆర్లిస్


ఎల్క్ ప్రెయిరీ, విస్కాన్సిన్
మే 3, 1975

అక్కా,

ఎగిరాను! నేనూ నా ఎర్రదీ! పచ్చిక మీద నాలుగు గెంతులు గెంతిందో లేదో, గాల్లో ఉన్నాం. కట్టినవాళ్ళే మొదటిసారి ఎగరాలని మా వాళ్ళ రివాజు కదా. కట్టింది మొగుడూ పెళ్ళాం ఇద్దరం, కానీ డెల్మర్‌కి నిచ్చెన మీద రెండో మెట్టెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. నేను ఊరు చుట్టి దిగేసరికి మనిషి కనపడలేదు. ఎక్కడా అని చూస్తే షెడ్డు వెనక వాంతి చేసుకుంటున్నాడు. "నువ్వు ఎగిరితే నాకెందుకే ఈ శిక్ష?" అంటాడు. క్లబ్బు వాళ్ళు పాన్‌కేకులు పోసి పెట్టారు. పొద్దున తిన్నదంతా పోయిందని లెక్కగట్టి ఆయన వంతుతోపాటు నా వంతు కూడా తినేశాడు.

అదే నక్షా ఎందుకని అడిగావు. దాని గురించి తెలిసినంత నాకు ఇంకే విమానం గురించీ తెలియదు గనక. బావ రెక్కల ఎముకలు అతికిస్తుంటే పక్కన జిగురు పట్టుకుని నిలబడింది నేనే కదా.

మాట సంగతి అంటావా, కొత్త విమానం మొదట కొన్నాళ్ళు ఊరి చుట్టూ తిన్నగానే తిరగాలని సర్కారు వాళ్ళ నిబంధన. కాబట్టి ఇప్పట్లో నువ్వు బెంగపడాల్సింది లేదు.

ఒక్కటే కష్టం. సీటంటే ఉత్త రేకు. బరువు పెరక్కూడదని మొండికేసి దాని మీద ఏమీ వెయ్యనివ్వనిది నేనే. వీపుకి పారాచూటు మూట, కింద చల్లటి రేకు. దిగేసరికి నడుము పట్టేసింది. మన హిల్డా అత్తయ్యలా వంగి నడుస్తుంటే డెల్మర్ చేతికర్ర తెచ్చిస్తానన్నాడు.

ఇంకేం, ఓ వారం సెలవు పెట్టి రా. చూస్తే నువ్వే ముద్దు చేస్తావు దాన్ని.

నీ చెల్లెలు
కొరీన్


టూ హార్బర్స్
మే 12, 1975

కొరీన్,

మాటివ్వమంటే నిబంధనలు చెప్పావు. నిన్ను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, నువ్వు ఇవ్వని మాట ఏదో నాకు తెలీదూ?

పోస్టులో ఓ మూట వస్తుంది. విప్పి నవ్వకు. నీలం కాన్వాసు, లోపల స్పాంజి, అంచులకి రెండు వరసల కుట్టు. మీ బావకి పాలు పిండి పిండి నడుము పోయి, ఆ రేకు మీద కూర్చోలేక మూలుగుతుంటే ఇలాంటి మెత్తే కుట్టి ఇచ్చాను. అది చూసి మీ హార్లన్ వాస్ పెద్దాయన తనకీ ఒకటి కావాలన్నాడు. నెబ్రాస్కా వెళ్ళిపోయాడే మెరిట్ క్లౌసన్, అతనికీ ఒకటిచ్చాను. ఎగరొద్దని తిడుతూనే నీకు ఆసనం కుట్టి పంపుతున్నాను చూడు, నాకంటే బుద్ధిలేనిది ఉంటుందా! పోనీ నడుమైనా బాగుండనీ అనుకున్నాను.

కుడుతూ కూర్చుంటే అన్నీ గుర్తొచ్చాయి. ఒక సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఫోనులో అనలేను, మీ చుట్టుపక్కల ఇళ్ళకంతా ఒకటే లైను, ఎడ్నా క్నూట్సన్ రిసీవరు ఎత్తి వింటూ ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ఆవుల్ని అమ్మేశాక ఆ శీతాకాలమంతా మీ బావ నాతో సరిగ్గా మాట్లాడలేదు. పొద్దున్నే అలవాటుగా లేచి కొట్టంలోకి వెళ్ళి ఊరికే నిలబడి వచ్చేవాడు. ఎండాకాలం వస్తే తేరుకుంటాడనుకున్నాను. ఆ రోజు కాఫీ పోసిస్తే ముట్టుకోలేదు. "వస్తా" అని కూడా అనకుండా వెళ్ళిపోయాడు. అంత ఎత్తునుంచి పడ్డాడు కదా, వీపుకి పారాచూటు ఉంది కదా, ఎందుకు దూకలేదు కొరీన్? చేతులాడక అని మీవాళ్ళంటారు. దూకాలని లేక దూకలేదేమోనని నా భయం. కావాలనే చేశాడేమోనని, నాతో విసిగిపోయాడేమోనని. రెండేళ్ళుగా ఆ నిప్పు గుండెల్లో పెట్టుకుని తిరుగుతున్నాను.

నువ్విప్పుడు అదే సీటులో కూర్చుంటున్నావు. అక్కడ కూర్చున్న మనిషి పారాచూటు సంగతే మరిచిపోవడం జరుగుతుందా? తెలిస్తే నిజం చెప్పు, నన్ను ఊరడించడానికి చెప్పకు.

మెత్త వాడుకో.

ఆర్లిస్


ఎల్క్ ప్రెయిరీ
మే 27, 1975

అక్కా,

మెత్త వచ్చింది. కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు. డెల్మర్ దాన్ని తన ట్రాక్టరు మీదికి కాజెయ్యాలని చూస్తే చెయ్యి మీద ఒకటిచ్చాను.

నువ్వడిగినదానికి జవాబు నాకు తెలీదు. అబద్ధం చెప్పను. కానీ అక్కా, అంత భారం ఒక్కదానివీ మోశావా? నాతో ముందే ఎందుకనలేదు? ఉత్తరం చదివి షెడ్డులోకి వెళ్ళి ఏడ్చాను.

అదే నక్షా ఎందుకో ఇప్పుడు నేనూ నిజం రాస్తాను. బావకి చేతులాడలేదన్న మాట నేను ఒక్క రోజూ నమ్మలేదు. తలకిందుల గింగిరం నుంచి బయటపడడం ఆయనే నాకు నేర్పాడు. గింగిరానికి ఎదురుగా కాలితో తొక్కాలి, నడిపే కర్రని పొట్టకేసి లాగాలి, అంతే. దాన్ని ఆయన నిద్దట్లో కూడా చెయ్యగలడు. చేసి కూడా విమానం బయటికి రాకపోతే తప్పు విమానంలో ఉన్నట్టే. ఆ తప్పేమిటో తెలుసుకోవాలంటే అదే విమానం కట్టి, అదే గింగిరం తిరగాలి. ఇంకో దారి నాకు తోచలేదు.

పల్టీలు మొదలుపెట్టాను. ముందు పెద్ద చక్రాలు, తరవాత పక్కకి దొర్లడం, నిన్న కాసేపు తలకిందులుగా తిన్నగా ఎగరడం. ఎగిరే ముందు వాస్ పెద్దాయన నా జేబులన్నీ తడిమి చూస్తాడు, మా క్లబ్బులో ఎవరెగిరినా అంతే. చిల్లర, పెన్సిలు, తాళంచెవి, తలపిన్ను, ఏదున్నా లాగేస్తారు. తలకిందులైతే అవి జారిపోయి ఏ సందులోనో ఇరుక్కుంటాయని భయం. నిన్న నా దగ్గర ఓ మింటు బిళ్ళ దొరికితే నోట్లో వేసుకున్నాడు.

జూన్ మొదటి శనివారం గింగిరం తిరుగుతాను. చాలా ఎత్తుకి వెళ్ళి, పారాచూటు కట్టుకుని చేస్తాను. నాకు భయం లేదనుకోకు. ఎక్కి కూర్చుని బెల్టు బకిల్సు పెట్టుకున్నానో లేదో పదేపదే చూసుకుంటాను. చిన్నప్పుడు అన్నం ముందు చెప్పే ప్రార్థన పైకే చెప్పుకుంటాను, ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడదు కదా అని.

కోప్పడకు.

కొరీన్


టూ హార్బర్స్
జూన్ 2, 1975

కొరీన్,

వద్దు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు. నాకు జవాబు అక్కర్లేదు. అడిగినందుకు నా నోరు పడిపోనూ! నువ్వు పోయి తెచ్చే నిజం నాకెందుకు? మొన్నటినుంచి అన్నం సహించడం లేదు. బడిలో ఫోను మోగితే చేతిలో పళ్ళెం జారిపోతోంది. ఒకసారి ఆ ఫోను వచ్చింది నాకు. అవతలినుంచి డెల్మర్ గొంతు "ఆర్లిస్" అని ఆగిపోయింది. ఆ గొంతు మళ్ళీ వినలేను.

డెల్మర్‌తో చెప్పు, ఆ ఇంజను ఊడదీసి చెరువులో పారెయ్యమను. చెప్పు నేనన్నానని.

శనివారం లోగా ఇది అందాలని పోస్టాఫీసుకి పరిగెత్తి వేస్తున్నాను.

అక్క


ఎల్క్ ప్రెయిరీ
జూన్ 9, 1975

అక్కకి,

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. అప్పటికే అయిపోయింది.

ఏమీ కాలేదు. తిరిగాను, బయటికి వచ్చాను, దిగాను. విమానం షెడ్డులో పెట్టేశాం. కొన్నాళ్ళు తియ్యను. వ్యవసాయం పనులు కూడా ఉన్నాయి.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. తోటలో రూబార్బ్ పుల్ల కాడలు విరగబడి పెరిగాయి, ఎవరికిచ్చినా తరగడం లేదు. వాటితో తీపి రొట్టె చేశాను. డెల్మర్‌కి పులుపు ఎక్కువైంది. కొంత జాము కూడా చేసి పెట్టాను, నీకు పంపుతాను. చర్చిలో కింద గదికి కొత్త కుర్చీలు వచ్చాయి. కూర్చోవడానికి బాగానే ఉన్నాయి.

నువ్వు పంపిన మెత్త గాలికి ఎగిరిపోయింది. ఇంకొకటి కుట్టకు. శ్రమ పడొద్దు. రేకే నాకు అలవాటైపోయింది.

ఆరోగ్యం జాగ్రత్త.

కొరీన్


టూ హార్బర్స్
జూన్ 13, 1975

కొరీన్,

నువ్వు బతికున్నావు, అది చాలు, ఇంకేమీ అడగకూడదనుకున్నాను. కానీ నన్నంత వెర్రిదాన్ని అనుకుంటున్నావా?

రెక్కకో కొత్త మేకు కొడితే రెండు పేజీలు రాసేదానివి, అంత పెద్ద గింగిరం గురించి ఒక్క లైను రాసి మిగతాదంతా రూబార్బ్‌తో నింపావు. "అక్కకి" అని మొదలుపెట్టావు. ఎప్పుడైనా అలా రాశావా నాకు? బుధవారం బడికి ఫోను చేసి, వగర్చుకుంటూ "మెరిట్ క్లౌసన్ ఫోను నంబరు నీ దగ్గరుందా? వాళ్ళావిడ నీకు క్రిస్మస్ కార్డులు రాస్తుంది కదా" అన్నావు. ఇచ్చాను. ఎందుకే అంటే "తరవాత రాస్తా" అని పెట్టేశావు. ఇంతవరకూ రాయలేదు.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. మెత్త ఇంకొకటి కుట్టకు అన్నావు. నీకంటే ముందు నేను మెత్తలు కుట్టిచ్చిన ముగ్గురిలో మెరిట్ ఒకడు. కొరీన్, ఏమైందో రాయి. మెత్తకేమైందో రాయి. దాచితే నేనే బస్సెక్కి వస్తాను.

ఆర్లిస్


ఎల్క్ ప్రెయిరీ
జూన్ 17, 1975

అక్కా,

కూర్చుని చదువు. పనిలో ఉంటే తరవాత చదువు.

శనివారం పొద్దున చాలా ఎత్తుకి వెళ్ళాను. కింద మన చేలు దుప్పటి గళ్ళలా ఉన్నాయి. ఇంజను తగ్గించి, తలకిందులు చేసి, కాలితో ఒక్క తన్ను తన్నాను. గింగిరం మొదలైంది. బావ చెప్పినట్టే ఉంది. భూమి తల మీద గానుగలా తిరుగుతోంది, ఒళ్ళంతా బెల్టులకి వేలాడుతోంది, రక్తం కళ్ళలోకి వచ్చేస్తోంది. కొన్ని చుట్లు చూసుకుని, ఎదురు కాలు తొక్కి, కర్ర పొట్టకేసి లాగాను.

రాలేదు.

సగం దాకా వచ్చి ఆగిపోయింది. గట్టిగా కాదు, మెత్తగా ఆగింది, పిండిముద్దలో గుచ్చుకున్నట్టు. మళ్ళీ లాగాను. రెండు చేతులతో లాగాను. కేకలు పెడుతూ లాగాను. అక్కా, అంత భయం నేనెప్పుడూ ఎరగను. ప్రార్థన లేదు, డెల్మర్ లేడు, ఎవరూ లేరు, ఆ కర్ర ఒక్కటే ఉంది లోకంలో. లాగితే వస్తుంది, ఇప్పుడొస్తుంది, ఈసారి వస్తుంది, అంతే. భూమి దగ్గరికొచ్చేస్తోంది, ఆవులు కనిపిస్తున్నాయి, నేనింకా లాగుతూనే ఉన్నాను.

కళ్ళు కిందికి ఎందుకు తిప్పానో తెలీదు. నా మోకాళ్ళ మధ్య నీలం మూల కనిపించింది. మెత్త. తలకిందులుగా వేలాడుతుంటే ఒళ్ళు సీటు నుంచి కాస్త లేస్తుంది కదా, ఆ సందులోంచి అది ముందుకి జారి, సీటు అంచుకీ కర్రకీ మధ్య దూరి కూర్చుంది. ఒక చేత్తో పట్టి పీకాను. గాలికి ఎగిరిపోయింది. కర్ర వచ్చి నా పొట్టకి గుద్దుకుంది. వాస్ పెద్దాయన ధాన్యం గాది కప్పు మీదుగా లేచాను. దిగాక బెల్టు విప్పుకోవడం చేతకాలేదు. డెల్మర్ విప్పి, చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి బయటికి తీశాడు.

మర్నాడు విమానాన్ని షెడ్డు దూలాలకి తలకిందులుగా వేలాడదీశాం. అంతే మందం దిండు వేసి నన్ను కూర్చోబెట్టి బెల్టులు బిగించాడు. ఎన్నిసార్లు చేసినా అది జారి వెళ్ళి కర్ర వెనకే దూరింది. తల పైకి ఉన్నంతసేపూ కదలదు, మామూలు పల్టీల్లో కూడా కదలదు. అలా తలకిందులుగా ఎక్కువసేపు వేలాడితేనే. డెల్మర్ నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను. ఇద్దరికీ ఒకేసారి బావ గుర్తొచ్చాడు. దూలం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు డెల్మర్.

జేబుల్లో మింటు బిళ్ళ కూడా ఉండనివ్వని మనుషులం. కూర్చున్న దాన్ని మాత్రం ఒక్కరం లేపి చూడలేదు. ఆ రోజు బావ జేబులు తడిమింది నేనే అక్కా. పెన్సిలు ముక్క తీసుకుని, "ఇక వెళ్ళు బావా" అన్నాను.

వాస్ పెద్దాయన తన మెత్త ఆ పూటే పొయ్యిలో పెట్టేశాడు. "ఆర్లిస్‌కి తెలియనివ్వకండర్రా, ఆ తల్లి తట్టుకోలేదు" అన్నాడు. సరే అనుకున్నాం. మెరిట్ ఎగరడం మానేశాడనుకున్నాం. బుధవారం క్లబ్బులో ఎవరో అన్నారు, అతను కొత్త విమానం కట్టాడనీ అయోవాలో పోటీకి వెళ్ళాడనీ. అప్పుడే నీకు ఫోను చేశాను. వాళ్ళావిడ ఎత్తి, "ఇవాళ మధ్యాహ్నమే ఎగురుతాడు" అంది. డెల్మర్ ఆ విమానాల మైదానం ఆఫీసుకి ఫోను చేసి అరిచిన అరుపులకి ఎడ్నా క్నూట్సన్ మధ్యలో అందుకుని, "నేను పెట్టేస్తున్నానయ్యా, నువ్వు కానీ" అంది. అక్కడెవరో పిల్ల బల్ల మీది గుడ్డ లాగి ఊపుకుంటూ మైదానంలోకి పరిగెత్తిందట. అప్పటికే ఇంజను తిరుగుతోంది. ఆపేశాడు. అరగంటకి అతనే ఫోను చేసి, "ఆ మెత్తా? ఎప్పుడో మా కుక్క లాక్కుంది, దాని మీదే ఈనింది కూడా. కానీ ఇప్పుడు నేను కూర్చున్నది దుప్పటి మడత. అది తీసేశాను" అన్నాడు. నవ్వాం అక్కా, నేనూ డెల్మరూ గోడకి చేరబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. తరవాత నవ్వు ఆగిపోయింది. మెత్తో దుప్పటో వేసుకుని కూర్చునేవాళ్ళు ఇంకెందరున్నారో.

మా క్లబ్బు పత్రిక చివరి పేజీ నీకు తెలుసు కదా. ఎవరి వల్ల పొరపాటు జరిగితే వాళ్ళే తమ పేరు పెట్టి రాస్తారు, పేరు లేకపోతే వెయ్యరు. దేశంలో ఉన్న క్లబ్బులన్నిటికీ వెళుతుందది. నా పేరుతో నేను రాస్తాను, నాకు జరిగింది రాస్తాను. నీ పేరు రాదు, బావ పేరు రాదు.

కానీ నీకు చెప్పకుండా ఉండలేకపోయాను. నువ్వడిగావు కదా, ఆ సీట్లో కూర్చున్న మనిషి పారాచూటు మరిచిపోవడం జరుగుతుందా అని. జరుగుతుంది. నాకు జరిగింది. కిందికి దిగి డెల్మర్ వీపు మీది మూట విప్పేదాకా అది ఉన్నట్టే నాకు గుర్తు రాలేదు. దూకాలంటే కర్ర వదలాలి. వదలబుద్ధి కాదు అక్కా. బతకాలని ఉన్నవాడు దాన్ని వదలడు.

నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా అను. మాట్లాడడం మాత్రం మానెయ్యకు.

నీ కొరీన్


టూ హార్బర్స్
జూన్ 25, 1975

నా చిట్టి చెల్లీ,

ఉత్తరం వచ్చిన రోజు ఏమీ చెయ్యలేదు. మర్నాడు మిగిలిన నీలం గుడ్డ బయటికి తీసి, వేళ్ళు నొప్పి పుట్టేదాకా కత్తిరించాను. మిషను మీద దుప్పటి కప్పేశాను, దాని ముఖం చూడలేకపోతున్నాను. సుఖంగా ఉందా అని అడిగాను ఆయన్ని, మొదటిసారి కూర్చున్నప్పుడు. "రాజుకి కూడా ఉండదే ఇలాంటిది" అన్నాడు. ఆ మాట నేను పోయేదాకా నాతోనే ఉంటుంది. నా తప్పు లేదని నువ్వు రాయకు, చదవను. నీ తప్పు లేదని నేనూ రాయడం లేదు. జేబులు తడిమిన నీ చెయ్యీ మెత్త కుట్టిన నా చెయ్యీ ఆయన మేలు కోరే చేశాయి. అంతకంటే చెప్పడానికి నాకు మాటలు లేవు.

చివరి పేజీలో నువ్వు రాయక్కర్లేదు, నేను రాశాను. అది కింద ఉంది. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను.

"నా పేరు ఆర్లిస్ హాగెన్. నాకు విమానం నడపడం రాదు, మెత్తలు కుట్టడం వచ్చు. నా భర్తకి కుట్టిచ్చిన మెత్త తలకిందులైనప్పుడు జారి కర్ర వెనక ఇరుక్కుంది. మీ ఆడవాళ్ళు కుట్టిచ్చినవైనా, మీరు మడిచి వేసుకున్నవైనా, సీటుకి బిగించనిది ఏదున్నా ఇవాళే తీసెయ్యండి. నా భర్త పేరు ఓరిన్ హాగెన్. ఆయనకి చేతులాడలేదన్న మాట అబద్ధం."

మీ క్లబ్బు వాళ్ళు కాఫీ తాగుతూ దాన్ని పైకి చదవాలి. చదివించు.

నిన్ను ఎగరొద్దని ఇక రాయను. రాసినా వినవు. భయం పోయిందనుకోకు. దిగిన ప్రతిసారీ ఓ కార్డు ముక్క రాయి, "దిగాను" అని రాస్తే చాలు. రూబార్బ్ సంగతి రాస్తే చంపేస్తాను.

నిన్న వంటగదిలో బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాను. నువ్వు రాసిందే మనసులో తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆయన కనిపించాడు. పళ్ళు బిగించి, రెండు చేతులతో, ఇప్పుడొస్తుంది, ఈసారి వస్తుంది అనుకుంటూ లాగుతున్నాడు. నన్ను వదిలి పోవాలని కాదు కొరీన్, ఇంటికి రావాలని లాగుతున్నాడు. నేల తగిలేదాకా నా దగ్గరికి రావాలనే లాగాడు. నేను రెండేళ్ళు ఆ మనిషి మీద కోపం పెట్టుకున్నాను. పూడ్చిపెట్టిన రోజు కూడా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు.

కత్తి కింద పడేసి బావురుమన్నాను. వంటగదిలో ఇద్దరూ పొయ్యి మీదివి వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

"ఏమైంది ఆర్లిస్? ఏమైందమ్మా?"

"మా ఆయన పోయాడు" అన్నాను.

"అయ్యో దేవుడా! ఎప్పుడు?"

"ఇప్పుడే తెలిసింది" అన్నాను.

అక్క